లాంతరు చేపలు ఏం తింటాయి, రోజూ పైకీ కిందికీ ఎందుకు ఈదుతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

లోతు సముద్రం అనగానే తల మీద దీపం వేలాడే యాంగ్లర్ చేప బొమ్మే అందరికీ గుర్తొస్తుంది. లోతు సముద్రంలో జరిగే అసలు పెద్ద పని మాత్రం వేలెడంత పొడవుండే లాంతరు చేపలది. పొద్దుగూకగానే ఇవి వందల మీటర్ల లోతు నుంచి పైకొచ్చి, రాత్రంతా తిని, తెల్లారకముందే మళ్లీ కిందికి దిగిపోతాయి. ఇలా బయలుదేరే జీవులన్నిటినీ కలిపి చూస్తే భూమి మీద బరువులో అతి పెద్ద వలస ఇదే. అది ఏడాదికోసారి కాదు, ప్రతి రోజూ జరుగుతుంది. పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

లాంతరు చేప అంటే ఒకే రకమా?

కాదు. మిక్టోఫిడే అనే కుటుంబంలోని చేపలన్నిటికీ కలిపి ఉన్న పేరు ఇది. అందులో సుమారు 250 జాతులున్నాయి. చాలావాటి పొడవు 15 సెంటీమీటర్లు దాటదు. 3 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయేవీ ఉన్నాయి, 30 సెంటీమీటర్ల దాకా పెరిగేవీ ఒకటి రెండున్నాయి. పెద్ద కళ్లు, గుండ్రటి మొహం, పల్చటి పొలుసులు, పొట్ట మీదా పక్కల మీదా వరసగా చిన్న చిన్న దీపాలు ఉంటాయి. పొలుసులు ఎంత సులువుగా రాలిపోతాయంటే, వలలో పడి ఓడ మీదికి వచ్చేసరికి చాలా చేపల ఒంటి మీద ఒక్క పొలుసు కూడా మిగలదు. ఫోటోల్లో వీటి చర్మం ఒలిచినట్టు కనిపించడానికి కారణం అదే.

ఎక్కడ ఉంటాయి? మన బంగాళాఖాతంలో ఉన్నాయా?

ఉన్నాయి. ఆర్కిటిక్ నడిబొడ్డు తప్ప దాదాపు అన్ని మహాసముద్రాల్లోనూ ఉన్నాయి. అంటార్కిటికా చుట్టూ ఉన్న చల్లటి నీళ్లలోనూ, ఇటు అరేబియా సముద్రంలోనూ, బంగాళాఖాతంలోనూ ఉంటాయి. తీరం దగ్గర చేపలు పట్టేవాళ్ల వలల్లో మామూలుగా పడవు. తీరపు అరుగు దాటి, నేల ఒక్కసారిగా లోతుకు దిగిపోయే చోటు నుంచి వీటి రాజ్యం మొదలవుతుంది. పగలు 300 నుంచి 1200 మీటర్ల లోతులో ఉంటాయి. సూర్యకాంతి మసగ్గా మాత్రమే చేరే నీరు అది. అక్కడ మొక్క బతకదు, కానీ చూపున్న వేటగాడికి ఆ మసక వెలుగే సరిపోతుంది.

రోజూ ఇంత దూరం ఎందుకు ఈదుతాయి? తిండి ఉన్న చోటే ఉండిపోవచ్చు కదా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

సముద్రంలో తిండి అంతా వెలుగు పడే పై పొరలోనే పుడుతుంది. కంటికి కనిపించని వృక్ష ప్లవకాలు, అంటే నీళ్లలో తేలియాడే మొక్కల్లాంటి జీవులు, అక్కడ సూర్యకాంతితో పెరుగుతాయి. వాటిని తినే చిన్న జంతు ప్లవకాలు కూడా అక్కడే గుమిగూడతాయి. అంటే లాంతరు చేపకు కావలసిన భోజనం పైనే ఉంది. కానీ పగటిపూట ఆ పై పొరలో దాక్కోవడానికి రాయి లేదు, నాచు లేదు, నీడ లేదు. ట్యూనా, డాల్ఫిన్, సముద్రపక్షి లాంటి కంటితో చూసి వేటాడే జీవులకు అయిదు సెంటీమీటర్ల చేప దూరం నుంచే దొరికిపోతుంది. కాబట్టి పగలు పైన ఉంటే చావు తప్పదు, ఎప్పుడూ కిందే ఉంటే ఆకలి తప్పదు. ఈ రెంటి మధ్య దారిగా చీకటి పడ్డాక పైకొచ్చి తిని, వెలుగు రాకముందే దిగిపోవడం అలవాటైంది.

ఇందులో ఇంకో లాభం కూడా ఉందని చాలామంది పరిశోధకులు అంటారు. ఉష్ణమండల సముద్రాల్లో పైన నీరు 28 డిగ్రీల సెల్సియస్ దాకా వెచ్చగా ఉంటే, 500 మీటర్ల లోతులో 10, 12 డిగ్రీలే ఉంటుంది. చల్లటి నీళ్లలో ఒంటి పని నెమ్మదిస్తుంది, ఖర్చు తగ్గుతుంది. పైన తిన్నదాన్ని కింద తక్కువ ఖర్చుతో గడుపుకోవచ్చు. అయితే నా ఉద్దేశంలో ఇది రెండో కారణమే. వేటగాళ్ల భయం లేకపోతే ఈ ప్రయాణం ఇంత కచ్చితంగా వెలుగును పట్టుకుని సాగేది కాదు.

బయలుదేరే వేళ అయిందని వాటికి ఎలా తెలుస్తుంది?

వెలుగును బట్టి తెలుస్తుంది. ప్రతి జాతికీ తనకు సరిపడే మసక వెలుగు ఒకటుంటుంది. సాయంత్రం ఎండ తగ్గేకొద్దీ ఆ మసక పైకి జరుగుతుంది, దాని వెంటే చేపలూ పైకి వస్తాయి. తెల్లవారేటప్పుడు వెలుగు లోపలికి దిగుతుంటే అవి కూడా దిగుతాయి. ఒంట్లో గడియారం కూడా ఉంటుంది గానీ, చివరి మాట వెలుగుదే.

దీనికి చక్కటి రుజువు గ్రహణాలు ఇచ్చాయి. 1963 జులై 20న సూర్యగ్రహణం పట్టినప్పుడు అట్లాంటిక్‌లో ఓడ మీద నుంచి ధ్వనిని కిందికి పంపి, దాని ప్రతిధ్వనితో గమనించినవాళ్లకు, లోతులో ఉన్న జీవుల పొర పట్టపగలే పైకి లేచి, గ్రహణం విడవగానే మళ్లీ దిగిపోవడం కనిపించింది. 2017 ఆగస్టు 21న అమెరికాలో పట్టిన గ్రహణం సమయంలో కూడా జంతు ప్లవకాలు అలాగే కదిలాయి.

వెన్నెల ప్రభావం కూడా గట్టిదే. పౌర్ణమి రోజుల్లో చాలా జాతులు మామూలుగా వచ్చేంత పైకి రావు, కొంచెం లోతులోనే ఆగిపోతాయి. ఈ సంగతి చేప చెవిలో కూడా రాసి ఉంటుంది. చేపల చెవి లోపల ఓటోలిత్ అనే చిన్న సున్నపు రాయి ఉంటుంది. చెట్టుకు ఏటా వలయం పడ్డట్టు దానికి రోజుకొక వలయం పడుతుంది. ఉత్తర అట్లాంటిక్‌లోని హైగోఫమ్ అనే లాంతరు చేపల ఓటోలిత్‌లను సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆ రోజువారీ వలయాల్లో చంద్రుని లెక్క ప్రకారం మారే లయ కనిపించిందని 1996లో ఒక పరిశోధన చూపించింది. పౌర్ణమికి ఒక తీరు, అమావాస్యకు ఒక తీరు. ఆ చేప వెన్నెల రాత్రుల్ని ఎలా గడిపిందో, చచ్చిపోయాక కూడా దాని చెవిలోని రాయి చెబుతోంది. ఈ చేపల గురించి చదివినవాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచిన విషయం ఇది.

ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది? ఒత్తిడి తేడా ఎలా తట్టుకుంటాయి?

జాతిని బట్టి పైకి 300 నుంచి 700 మీటర్లు, మళ్లీ కిందికి అంతే. సాధారణంగా ఒకటి నుంచి మూడు గంటలు పడుతుంది. 6 సెంటీమీటర్ల చేప ఒకటి 500 మీటర్ల లోతు నుంచి 50 మీటర్లకు రెండు గంటల్లో వచ్చిందనుకోండి. సెకనుకు 6 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే ప్రతి సెకనుకూ తన ఒంటి పొడవంత దూరం పైకి ఈదినట్టు. రెండు గంటలు ఆగకుండా! అదే పని తెల్లవారుజామున మళ్లీ చేయాలి.

ఒత్తిడి లెక్క ఇంకా కష్టమైనది. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 500 మీటర్ల దగ్గర 51, 50 మీటర్ల దగ్గర 6. చేప నీళ్లలో తేలడానికి సాయపడే గాలితిత్తిలో వాయువు అలాగే ఉండిపోతే, పైకొచ్చేసరికి అది ఎనిమిది రెట్లకు పైగా ఉబ్బాలి. ఈ చిక్కును ఒక్కో జాతి ఒక్కోలా దాటింది. కొన్ని దారి పొడవునా తిత్తిలోని వాయువును రక్తంలోకి పీల్చుకుని తగ్గించుకుంటాయి. చాలా జాతుల్లో వయసు వచ్చేకొద్దీ గాలితిత్తి చిన్నదైపోతుంది, లేదా దాని నిండా కొవ్వు చేరుతుంది. కొవ్వు ఒత్తిడికి పెద్దగా కుంచించుకుపోదు, పైగా నీటికంటే తేలిక. కాబట్టి పైన ఉన్నా కింద ఉన్నా చేప మునగకుండా, తేలిపోకుండా ఉంటుంది.

సరే, పైకొచ్చి ఏం తింటాయి?

ఎక్కువ భాగం కోపిపాడ్లు. ఇవి ఒకటి నుంచి నాలుగు మిల్లీమీటర్లుండే, రొయ్యల జాతికి చెందిన సూక్ష్మ జీవులు. సముద్రంలో జంతు ప్లవకాలన్నిటిలోకీ ఎక్కువగా ఉండేవి అవే. వాటి తర్వాత రొయ్యల్లాంటి క్రిల్, ఆంఫిపాడ్లు, గుల్లలో ఉండే ఆస్ట్రాకాడ్లు, చేప గుడ్లు, చేప పిల్లలు, రెక్కల్లాంటి పాదాలతో ఈదే చిన్న సముద్రపు నత్తలు. చేప పెద్దదయ్యేకొద్దీ భోజనం సైజు కూడా పెరుగుతుంది. చిన్నప్పుడు కోపిపాడ్లతో సరిపెట్టుకున్నది పెద్దయ్యాక క్రిల్ వెంటపడుతుంది. అంటార్కిటిక్ సముద్రంలో ఉండే ఎలక్ట్రోనా అంటార్కిటికా అనే జాతి కోపిపాడ్లతో పాటు క్రిల్‌ను కూడా బాగా తింటుంది.

నోరు తెరుచుకుని నీళ్లు వడకట్టే చేపలు కావివి. ఒక్కో ప్లవకాన్ని చూసి, గురిపెట్టి, పట్టుకుని తింటాయి. మొప్పల లోపలి అంచున వరసగా ముళ్లుంటాయి. నోట్లోకి వచ్చిన చిన్న జీవి నీళ్లతో పాటు మొప్పల్లోంచి జారిపోకుండా అవి అడ్డుకుంటాయి. ఆ ముళ్లు దగ్గరదగ్గరగా ఉన్న జాతులు చిన్నవాటిని, ఎడంగా ఉన్నవి పెద్దవాటిని ఎక్కువగా తింటాయి. మెక్సికో గల్ఫ్‌లో ఒకే నీళ్లలో పదుల జాతుల లాంతరు చేపలు కలిసి బతుకుతాయి. వాటి పొట్టలు కోసి చూసినప్పుడు తిండి సైజు, రకం, తినే లోతు, ఈ మూడింట్లో తేడాలతో అవి భోజనాన్ని పంచుకుంటున్నాయని తేలింది.

ఇక్కడ ఒక వింత కూడా ఉంది. సెరాటోస్కోపెలస్ వార్మింగీ అనే జాతి శాకాహారం కూడా తింటుంది! ఉత్తర పసిఫిక్ మధ్యలో తిండి బాగా తక్కువగా ఉండే నీళ్లలో, డయాటమ్‌లనే ఏకకణ నాచు తేలియాడే తెట్టెలను ఈ చేపలు తింటున్నాయని 1984లో బయటపడింది. లోతు సముద్రపు చేపకు నాచు తిండి ఏమిటని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఇందులో పెద్ద ఆశ్చర్యం కనిపించదు. అంత దూరం ఈదొచ్చాక కోపిపాడ్లు దొరకకపోతే దొరికిందే తినాలి.

రాత్రంతా తింటూనే ఉంటాయా?

చాలా జాతులు పైకి చేరిన తొలి గంటల్లోనే ఎక్కువగా తినేస్తాయి. అర్ధరాత్రికి పొట్ట నిండిపోతుంది. కొన్ని జాతులు తెల్లవారుజామున దిగే ముందు ఇంకోసారి తింటాయి. ఇది జాతిని బట్టే కాదు, చోటును బట్టి, కాలాన్ని బట్టి కూడా మారుతుంది.

చీకట్లో అంత చిన్న జీవిని ఎలా కనిపెడతాయి?

ఒంటితో పోలిస్తే వాటి కళ్లు చాలా పెద్దవి. మన కంట్లో వెలుగుకు, రంగులకు వేరువేరు కణాలున్నాయి. చాలా లాంతరు చేపల కంట్లో తక్కువ వెలుగును పట్టే రాడ్ కణాలు మాత్రమే ఉంటాయి. అవి కూడా పొడవుగా, కిక్కిరిసి ఉంటాయి. లోతు నీళ్లలోకి చేరే వెలుగు నీలం. ఇతర జీవులు వెలిగించుకునే వెలుగు కూడా ఎక్కువగా నీలమే. వీటి కళ్లు సరిగ్గా ఆ నీలానికే బాగా స్పందిస్తాయి. వేటకు ఇంకో సాయం కూడా దొరుకుతుంది. వీటికి ఇష్టమైన ప్లూరోమామా అనే కోపిపాడ్‌కు సొంత వెలుగు ఉంది. కదిలిస్తే అది నీలంగా మెరుస్తుంది. తనను కాపాడుకోవడానికి మెరిసిన మెరుపే దాని ఉనికిని పట్టిచ్చే అవకాశమూ ఉంది.

ఒంటి మీది దీపాలు వేట కోసమేనా?

అందరూ అలాగే అనుకుంటారు గానీ, ముఖ్యమైన పని దాక్కోవడం. పగటి ఆకాశంలో ఎగిరే కాకిని కింద నుంచి చూస్తే నల్లగా కనిపిస్తుంది కదా. లోతులో ఉన్న చేప కూడా పైనుంచి వచ్చే మసక వెలుగుకు అడ్డుపడి, కింద ఉన్న వేటగాడికి నల్లటి నీడలా కనిపించాలి. పొట్ట మీది దీపాలను పైనుంచి వచ్చే వెలుగు ఎంతుందో అంతే వెలిగించుకుంటే ఆ నీడ మాయమవుతుంది. పైకి వచ్చేకొద్దీ, వెలుగు మారేకొద్దీ దీపాల కాంతిని కూడా తగ్గించుకుంటూ, పెంచుకుంటూ ఉంటుంది.

పక్కల మీది దీపాల అమరిక ఒక్కో జాతికీ ఒక్కోలా ఉంటుంది. జాతిని గుర్తించడానికి పరిశోధకులు ఆ చుక్కలే లెక్కపెడతారు. తమ జాతి చేపను గుర్తుపట్టడానికి చేపలూ వాటినే వాడుకుంటాయని బలమైన అభిప్రాయం. తోక మొదట్లో ఇంకో రకం దీపం ఉంటుంది. చాలా జాతుల్లో మగదానికి అది తోక పైవైపు, ఆడదానికి కిందివైపు ఉంటుంది.

వేటకు పనికొచ్చేవి బహుశా డయాఫస్ జాతుల మొహం మీదుండే దీపాలు. కళ్ల ముందు, ముక్కు దగ్గర పెద్దవిగా ఉండే ఈ దీపాల వల్ల వాటికి హెడ్‌లైట్ చేపలు అనే పేరు వచ్చింది. ముందున్న ప్లవకం మీద వెలుగు వేసి పట్టుకుంటాయని భావిస్తున్నారు.

బీచ్‌లో రాత్రిపూట అలలు నీలంగా మెరిసేది వీటి వల్లేనా?

కాదు. ఆ మెరుపు నాక్టిల్యూకా లాంటి ఏకకణ జీవులది. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో జనం చూసింది అదే. లాంతరు చేపలు ఒడ్డుకు రావు.

పగలు కింద ఏం చేస్తూ ఉంటాయి?

చాలావరకు ఏమీ చేయవు. 1960లలో చిన్న జలాంతర్గాముల్లో దిగి చూసిన అమెరికా జీవశాస్త్రవేత్త ఎరిక్ బార్హమ్‌కు ఈ చేపలు నీళ్లలో నిలువుగా, కొన్ని తల పైకి, కొన్ని తల కిందికి పెట్టి, కదలకుండా వేలాడుతూ కనిపించాయి. వలలో పడ్డ చేపను చూసి ఊహించగల సంగతి కాదిది. కదలకపోతే ఖర్చు తక్కువ, వేటగాడి కంట పడే అవకాశమూ తక్కువ.

అందరూ పస్తులే ఉండరు. నార్వేలో కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో (ఫియోర్డుల్లో) బెంథోసీమా గ్లేషియల్ అనే జాతిలో కొన్ని చేపలు పగలు కూడా లోతులోనే తింటాయి.

ప్రతి చేపా ప్రతి రాత్రీ పైకి వస్తుందా?

రాదు. సాయంత్రం మొత్తం సైన్యం కదిలినట్టు వర్ణిస్తారు గానీ, ధ్వని పరికరాల్లో చూస్తే ఒకే జాతిలో కొన్ని పైకి వెళ్లగా కొన్ని కిందే ఉండిపోవడం కనిపిస్తుంది. నిన్న రాత్రి కడుపు నిండినవి, గుడ్లకు సిద్ధమైనవి, ముసలివి ఆగిపోతాయని రకరకాల వివరణలున్నాయి.

అసలు వలసే పోని జాతులు కూడా ఉన్నాయి. ఉత్తర పసిఫిక్‌లో దగ్గరి చుట్టాలైన రెండు జాతులను పక్కపక్కన పెట్టి చూడండి. స్టెనోబ్రాకియస్ ల్యూకాప్సారస్ రాత్రికి పైకి వస్తుంది. స్టెనోబ్రాకియస్ నానోకిర్ లోతులోనే ఉండిపోతుంది. అక్కడ దాని తిండి ఏమిటంటే, పైన బాగా తిని కొవ్వెక్కి, విశ్రాంతి కోసం లోతుకు దిగి నిద్రావస్థలో ఉన్న నియోకలానస్ కోపిపాడ్లు. అంటే పైకెళ్లే శ్రమ లేకుండా పైనుంచి దిగొచ్చిన తిండినే తింటోంది.

పిల్లలు కూడా ఇలాగే తిరుగుతాయా?

లేదు. గుడ్లు, పిల్లలు పై 200 మీటర్లలోనే ఉంటాయి. పిల్లలకు దీపాలు ఇంకా సరిగా రావు, ఒళ్లు దాదాపు గాజులా పారదర్శకంగా ఉంటుంది, పగటి వెలుగులోనే కోపిపాడ్ల పిల్లల్ని చూసి తింటాయి. కొన్ని జాతుల పిల్లలకు కళ్లు కాడల చివర ఉంటాయి. రూపం మారి పెద్ద చేప ఆకారం వచ్చాక తొలిసారి లోతుకు దిగుతాయి. ఆ తర్వాతే రోజువారీ ప్రయాణం మొదలవుతుంది.

ఇదంతా మనిషికి ఎలా తెలిసింది?

యుద్ధం వల్ల తెలిసింది. 1942లో అమెరికా నౌకాదళం కోసం జలాంతర్గాములను ధ్వనితో పట్టే పరికరాల మీద పని చేస్తున్న ఐరింగ్, క్రిస్టెన్సన్, రైట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు, కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా సముద్రంలో ఓ వింత ప్రతిధ్వని వినిపించింది. కొన్ని వందల మీటర్ల దగ్గర నేల ఉన్నట్టు ధ్వని తిరిగొస్తోంది. అసలు నేల మాత్రం అంతకంటే ఎంతో లోతులో ఉంది. దీన్ని దొంగ నేల అనుకున్నారు. 1945లో అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన మార్టిన్ జాన్సన్ ఒక పగలు, ఒక రాత్రి దాన్ని వదలకుండా గమనించారు. సాయంత్రం ఆ నేల పైకి లేచింది, తెల్లారేసరికి కిందికి దిగింది. నేల లేచి దిగదు కాబట్టి అక్కడున్నది ప్రాణులేనని తేల్చారు.

ధ్వనిని అంత గట్టిగా తిప్పికొట్టేది చాలావరకు చేపల గాలితిత్తుల్లోని వాయువు. చిన్న తిత్తులే అయినా, కోట్ల కొద్దీ ఒక పొరలో ఉంటే నేలంత బలంగా ప్రతిధ్వనిస్తాయి.

మొత్తం ఎన్ని ఉన్నాయి?

ఇక్కడ లెక్కలు దారుణంగా తేడా పడ్డాయి. 1980లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రచురించిన నివేదిక, వలల్లో పడ్డదాన్ని బట్టి, ఈ మసక వెలుగు నీళ్లలోని చేపలన్నీ కలిపి సుమారు 100 కోట్ల టన్నులని లెక్కగట్టింది. అందులో లాంతరు చేపలు ఒక పెద్ద భాగం. 2010లో స్పెయిన్ నడిపిన మలాస్పినా యాత్రలో ప్రపంచమంతా తిరిగి ధ్వనితో కొలిచాక, 2014లో వచ్చిన అంచనా కనీసం 1000 కోట్ల టన్నులు. పదింతలు! ప్రపంచంలోని చేపల పడవలన్నీ కలిసి ఏడాదికి సముద్రంలోంచి పట్టేది సుమారు 8 కోట్ల టన్నులు.

తేడాకు మొదటి కారణం, ఈ చేపలు వలను పసిగట్టి తప్పుకుంటాయి. కాబట్టి వలల లెక్క తక్కువ చూపిస్తుంది. ధ్వని లెక్కకు దాని లోపం దానికుంది. సైఫనోఫోర్ అనే జెల్లీ జీవులకు కూడా వాయువు బుడగలుంటాయి, వాటి ప్రతిధ్వని కూడా చేపల ఖాతాలో పడిపోవచ్చు. అందుకే ఎవరైనా 1000 కోట్ల టన్నులని ఖాయంగా చెబితే వెంటనే నమ్మొద్దని నా సలహా.

అరేబియా సముద్రం లోతులో ఆక్సిజన్ దాదాపు ఉండదంటారు. అక్కడెలా బతుకుతాయి?

అరేబియా సముద్రంలో సుమారు 150 నుంచి 1000 మీటర్ల మధ్య ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే పొర ఉంది. బంగాళాఖాతంలో కూడా ఇలాంటి పొరే ఉంది. మామూలు చేప అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. కానీ బెంథోసీమా టెరోటమ్ అనే అయిదారు సెంటీమీటర్ల లాంతరు చేప పగలంతా సరిగ్గా ఆ పొరలోనే గడుపుతుంది. ఒంటి పనిని బాగా తగ్గించుకుని, కదలకుండా ఉండి, రాత్రి ఆక్సిజన్ నిండుగా ఉన్న పై నీళ్లలోకి వస్తుంది. ఊపిరాడని నీళ్లలోకి చాలామంది వేటగాళ్లు రారు కాబట్టి, ఆ పొరే దానికి కోట.

ఈ జాతి బతుకు కూడా వేగంగానే సాగుతుంది. ఏడాది లోపే పెరిగి, గుడ్లు పెట్టి, చచ్చిపోతుంది. దాని చుట్టమే అయిన బెంథోసీమా గ్లేషియల్ నార్వే చల్లటి నీళ్లలో ఏళ్ల తరబడి బతుకుతుంది. 1970లలో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనే పరిశోధన నౌక అరేబియా సముద్రంలో సర్వేలు చేసినప్పుడు, ముఖ్యంగా ఒమన్ గల్ఫ్‌లో, ఈ చేపలు ఊహించనంత దట్టంగా కనిపించాయి.

వీటిని ఎవరు తింటారు?

అడగాల్సింది ఎవరు తినరని. ట్యూనాలు, కత్తిచేపలు, సాల్మన్లు, డాల్ఫిన్లు, సీల్‌లు అన్నీ తింటాయి. అరేబియా సముద్రంలో ఊదారంగు వెన్నున్న పెద్ద స్క్విడ్ రాత్రిళ్లు వీటి గుంపుల మధ్యే వేటాడుతుంది. హవాయి దీవుల దగ్గర స్పిన్నర్ డాల్ఫిన్లు పగలు తీరం దగ్గర విశ్రాంతి తీసుకుని, సాయంత్రం సరిగ్గా ఈ గుంపులు పైకొచ్చే వేళకు వేటకు బయలుదేరతాయి. అంటార్కిటికా చుట్టూ ఉండే దక్షిణ సముద్రంలో కింగ్ పెంగ్విన్ల ప్రధాన ఆహారం లాంతరు చేపలే. పిల్ల కడుపు నింపడానికి పెంగ్విన్ వందల మీటర్ల లోతుకు మునగగలదు.

కోపిపాడ్‌ను ట్యూనా నేరుగా తినలేదు. మధ్యలో లాంతరు చేప ఉంటేనే పై పొరలో పుట్టిన తిండి పెద్ద చేపల దాకా చేరుతుంది. విశాఖ తీరం నుంచి వెళ్లే మన ట్యూనా వేటగాళ్లు లాంతరు చేపను ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు, కానీ వాళ్ల గాలానికి పడే చేప ఇలాంటి చిన్న జీవుల మీదే పెరుగుతుంది.

వాతావరణ మార్పుకూ వీటికీ ఏమిటి సంబంధం?

పైన తిన్నది కింద ఖర్చవుతుంది, సంబంధం అక్కడే ఉంది. వృక్ష ప్లవకాలు గాలిలోంచి వచ్చిన కార్బన్‌ను పట్టుకుంటాయి, కోపిపాడ్ వాటిని తింటుంది, లాంతరు చేప కోపిపాడ్‌ను తింటుంది. ఆ చేప 500 మీటర్లకు దిగాక ఊపిరి వదిలినా, విసర్జించినా, అక్కడే చచ్చినా ఆ కార్బన్ లోతులోనే ఉంటుంది. లోతు నీరు మళ్లీ పైకి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి అన్నాళ్లూ అది గాలిలోకి రాదు. అమెరికా పశ్చిమ తీరానికి ఎదురుగా ఉన్న పసిఫిక్‌లో లోతుకు చేరే కార్బన్‌లో 15 నుంచి 17 శాతం ఈ మసక వెలుగు చేపల వల్లేనని 2013లో ఒక పరిశోధన లెక్కగట్టింది. జీతం లేకుండా, ఎవరూ చూడకుండా, ప్రతి రోజూ జరిగే పని ఇది.

మనుషులు తినొచ్చా? వీటిని పట్టడం లాభమేనా?

జపాన్‌లో షికోకు దీవిలోని కోచి ప్రాంతంలో కొన్ని జాతులను ఎండబెట్టి కాల్చుకుని తింటారు. కానీ చాలా జాతుల్లో మైనం లాంటి కొవ్వు ఉంటుంది, మన పొట్ట దాన్ని అరిగించుకోలేదు. ఎక్కువ తింటే విరేచనాలవుతాయి. అందుకే కంపెనీల చూపు ఫిష్ మీల్ (చేపల పొడి) మీద, నూనె మీద ఉంది. మన రొయ్యల చెరువులకు, కోళ్ల ఫారాలకు వాడే దాణాలో ఫిష్ మీల్ ఉంటుంది కాబట్టి ఇది తెలుగువాళ్లకు దూరపు విషయమేమీ కాదు.

ఇప్పటికే ప్రయత్నాలు జరిగాయి. దక్షిణాఫ్రికాలో లాంపానిక్టోడెస్ హెక్టోరిస్ అనే జాతిని పట్టారు. 1973లో అది 42,400 టన్నులకు చేరింది. చేపలో నూనె మరీ ఎక్కువై ఫ్యాక్టరీల్లో ఇబ్బంది రావడంతో 1980ల మధ్యలో ఆ వేట ఆగిపోయింది. సోవియట్ ఓడలు దక్షిణ సముద్రంలో ఎలక్ట్రోనా కార్ల్స్‌బెర్గీని పట్టాయి. సోవియట్ యూనియన్ కూలడంతో అదీ ఆగింది. కేరళలో లోతు రొయ్యల కోసం వెళ్లే ట్రాలర్లకు డయాఫస్ వాటాసే లాంటి లాంతరు చేపలు కలిసి పడుతుంటాయి. అమెరికా మాత్రం 2016లో తన పసిఫిక్ తీరంలో ఈ కుటుంబంతో సహా పెద్ద చేపలకు ఆహారమయ్యే చిన్న చేపల మీద, ముందు పరిశీలన జరగకుండా కొత్తగా వేట మొదలుపెట్టడాన్ని నిషేధించింది. అదే సరైన పద్ధతి. మొత్తం ఎన్ని ఉన్నాయో పదింతల తేడాతో చెబుతున్నప్పుడు, అందులో ఎంత పట్టొచ్చో ఎవరైనా ఏ ఆధారంతో చెబుతారు? ట్యూనా తిండినీ, కార్బన్ లెక్కనూ పక్కన పెట్టి, దాణా కోసం వీటి మీదికి వలలు దింపడం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్లాస్టిక్ వీటి పొట్టలోకి కూడా చేరిందా?

చేరింది. ఉత్తర పసిఫిక్‌లో చెత్త చేరే సుడి ప్రాంతంలో పట్టిన చేపల పొట్టల్లో ప్లాస్టిక్ ముక్కలు దొరికాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్క, రాత్రి మసకలో కోపిపాడ్ సైజులోనే ఉంటుంది. పైన మింగిన ముక్క చేపతో పాటే లోతుకు దిగుతుంది, దాన్ని తిన్న ట్యూనా పొట్టలోకి కూడా పోతుంది.

ఆక్వేరియంలో పెంచొచ్చా?

పెంచలేం. వల నుంచి బయటపడేసరికే పొలుసులు, చర్మం పాడైపోతాయి. బతికినా కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో.

వీటి మీద చదువుకోవాలంటే మన దేశంలో ఎక్కడ?

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవ వనరుల విభాగం ఉంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. లాంతరు చేపల మీదే పని చేయాలనుకుంటే కేరళలోని కొచ్చి వైపు చూడండి. భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద పని చేసే సముద్ర జీవ వనరులు, పర్యావరణ కేంద్రం అక్కడుంది. 1984 నుంచి తిరుగుతున్న సాగర్ సంపద అనే పరిశోధన నౌకతో అరేబియా సముద్రంలో ఈ చేపల సర్వేలు చేసింది ఆ కేంద్రమే. జంతుశాస్త్రం డిగ్రీతో పాటు కొంచెం గణాంకశాస్త్రం, ధ్వనికి సంబంధించిన భౌతికశాస్త్రం కూడా నేర్చుకుని వెళ్తే మంచిది. ఈ రంగంలో ఇప్పుడు ఎక్కువ పని వలతో కంటే ప్రతిధ్వనితో కొలిచే ఎకోసౌండర్ తెర ముందే జరుగుతోంది.